పర్లాకిమిడి తెలుగు విశ్వాసుల సహవాసం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని మన నియమావళి చెబుతోంది కనుక ఇది మీ ముందు ఉంచుతున్నాం. శుక్రవారం ఉపవాస కూటాలు, సండే స్కూలు, ఆసుపత్రి సందర్శన, క్రిస్మస్‌కు వృద్ధులకు బట్టలు ఎప్పటిలాగే సాగాయి. స్త్రీల సమాజం చెయ్యి వెయ్యకపోతే వీటిలో సగం ఆగిపోయేవి. వారికి, మందిరం హాలు అడిగిన ప్రతిసారీ ఇచ్చిన సంఘ పెద్దలకు, పాతపట్నం నుంచి సొంత ఖర్చుతో వచ్చి వాక్యం చెప్పిన పాస్టరుగారికి, చివరి కుర్చీ సర్దేదాకా ఉన్న ఆ నలుగురు యౌవనులకు కృతజ్ఞతలు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది లెంటు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఆరు వారాలు నడిపిన పేతురు మొదటి పత్రిక అధ్యయనం. విశ్వాసం పునాదిగా బతుకు కట్టుకోవడం, అన్యాయంగా వచ్చిన శ్రమను సహించడం దాని విషయం. ఆ పత్రిక పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియలలో, అంటే నేటి టర్కీలో, చెదిరి బతుకుతున్న పరవాసులకు రాసింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన నాటి నుంచి ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియాగా బతుకుతున్న మనకు ఆ మొదటి వచనం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

మొదటి వారం పునాది. ఒకడు బండ మీద, ఒకడు ఇసుక మీద ఇల్లు కట్టుకున్న ఉపమానం (మత్తయి 7:24-27) చదివాం. ఇసుక మీద కట్టుకున్నవాడూ వాక్యం విన్నవాడే, వినలేదని ప్రభువు అనలేదు, విని చెయ్యలేదన్నాడు. వాన, వరద రెండిళ్ల మీదా ఒకేలా వచ్చాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా మీద పడ్డప్పుడు ప్రార్థన చేసే ఇంటి రేకులు, చెయ్యని ఇంటి రేకులు అని ఎంచుకోలేదు. నమ్మితే కష్టం రాదని పిల్లలకు నేర్పితే మొదటి కష్టానికే వాళ్ల నమ్మకం కూలుతుంది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో ఒకే విశ్వాసంతో కొందరు కత్తివాత తప్పించుకున్నారు, కొందరు కత్తికి బలయ్యారు. రెండు రకాలవారినీ ఒకే వరసలో పేర్కొన్నారు.

రెండో వారం పేతురు రెండో పత్రికలోకి వెళ్లి 1:5-7 చూశాం. విశ్వాసం మీద ఏడు వరసలు: సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదర ప్రేమ, దయ. ఇక్కడ మన తాపీ మేస్త్రీలు చెప్పింది అందరికీ పట్టింది. ఇటుక గోడను రోజుకు ఒకటిన్నర మీటరుకు మించి లేపరు. కింది మాలు పచ్చిగా ఉండగా పైన బరువు పెడితే గోడ వాలుతుంది. ఏడు రోజులకు తగ్గకుండా నీళ్లు పట్టాలి. సహనం ఇందులో నాలుగో వరస. కింద జ్ఞానం లేకపోతే ఏది అన్యాయపు శ్రమో, ఏది మన తప్పుకు వచ్చిన ఫలమో తెలియదు. ఆశానిగ్రహం లేకపోతే ఎదుటివాడు ఒక మాట అనగానే ఫోను తీసి గ్రూపులో పది మాటలు పెడతాం. కొత్తగా బాప్తిస్మం పొందినవారిని నెల తిరక్కుండా సాక్ష్యానికి నిలబెట్టి, తర్వాత వెనక్కి తగ్గారని బాధపడుతున్నాం. పచ్చి గోడ మీద బరువు పెట్టింది మనమే.

మూడు, నాలుగు వారాలు మళ్లీ మొదటి పత్రికకు వచ్చి 2:18-25 మీదే గడిచాయి. 21వ వచనంలో ‘మాదిరి’ అన్నచోట గ్రీకు మాట పిల్లలు దిద్దడానికి గురువు రాసిచ్చే అక్షరానిది. పలక మీద గురువు ‘అ’ రాస్తాడు, పిల్లవాడు బలపంతో దాని మీదే దిద్దుతాడు. గీత తప్పితే మళ్లీ మొదటినుంచి దిద్దుతాడు. క్రీస్తు శ్రమ మనం అలా దిద్దుకోవలసిన అక్షరం. 23వ వచనంలో తన్ను తాను తండ్రికి అప్పగించుకోవడం కూడా ఒక్కసారితో అయిన పని కాదు. అక్కడి క్రియ ‘అప్పగించుకుంటూ వచ్చాడు’ అనే అర్థమిస్తుంది. మాట పడ్డ ప్రతిసారీ మళ్లీ అప్పగించుకోవలసిందే.

ఇక అందరూ తడబడే చోటు. సహించడమంటే నోరు మూసుకోవడం అని మనలో చాలామంది అనుకుంటున్నారు. చెంప మీద కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, కానీ ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించిన అధికారులే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకువెళ్లాలని పౌలు పట్టుబట్టాడు (అపొస్తలుల కార్యములు 16:37). తాగి కొట్టే భర్త దగ్గరికి భార్యను ‘సిలువ మోసుకో అమ్మా’ అని తిరిగి పంపడం ఈ వాక్యానికి అర్థం కాదు. అలా పంపిన పెద్దలు ఇకమీదట పంపకూడదని అధ్యయన కూటం ముక్తకంఠంతో చెప్పింది. 1999 జనవరి 22 అర్ధరాత్రి కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను సజీవంగా కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్ అమ్మగారు హంతకులను క్షమించారు. కేసు తన దారిన నడిచింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయి యావజ్జీవ శిక్షను ఖాయపరిచింది. ఆమె క్షమాపణ న్యాయానికి అడ్డు రాలేదు, న్యాయం ఆమె క్షమాపణను చెరపలేదు.

చివరి రెండు వారాలు ఆచరణ. అన్యాయం జరిగిన రాత్రే తేదీ, వేళ, అన్న మాటలు, చూసినవారి పేర్లు కాగితం మీద పెట్టాలి. మర్నాటికి కోపం మాటలను పెంచుతుంది. తర్వాత 1 పేతురు 4:15 ముందు నిలబడి, ఇది మన తప్పుకు వచ్చిందా అని చూసుకోవాలి. దొంగతో పాటు పరుల జోలికి పోయేవాణ్ణీ పేతురు అక్కడే చేర్చాడు. అప్పు ఎగ్గొట్టి తిట్లు తింటే అది శ్రమ కాదు. తర్వాత 13వ కీర్తన చదివి ప్రార్థించాలి. అందులో దావీదు నాలుగుసార్లు ‘ఎన్నాళ్లు’ అని అడిగాకే నమ్మిక మాటకు వస్తాడు. ఏడవకుండా స్తుతించమని ఎవరినీ తొందరపెట్టవద్దు. కొట్టడం, కూటాన్ని చెదరగొట్టడం లాంటివి జరిగితే ఇద్దరు పెద్దలతో ఠాణాకు వెళ్లాలి. పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా చెప్పవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో రాసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీగారికి పోస్టులో పంపాలి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. ఇంకో మాట: 1967 నాటి ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధిస్తోంది. కాబట్టి బియ్యం పంచే రోజున బాప్తిస్మం మాట ఎత్తకండి. సాయం సాయంగానే ఉండాలి.

ఇక్కడ బాధతో రాయక తప్పదు. ఠాణాకు, కార్యాలయాలకు ఇచ్చే అర్జీలు ఒడియాలో రాయాలి. మన పిల్లలు ఒడియా మీడియంలో చదివి చక్కగా రాస్తారు. అర్జీలు రాస్తామని పదిమంది పేర్లిచ్చారు, ఇద్దరే వచ్చారు. ఆసుపత్రి సందర్శన జాబితాలో ఉన్నవాళ్లలో కొందరి మొహం క్రిస్మస్ విందులో తప్ప చూడలేదు. సమాధుల స్థలం కోసం మనం పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో ఏడాదిగా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతోంది. వెళ్లిన ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు. చావు దుఃఖంలో ఉన్న కుటుంబానికి పాడె మోస్తూ స్థలం వెతుక్కునే గతి పట్టకూడదు. అర్జీ వదిలేది లేదు. ఈసారి రసీదు లేకుండా కాగితం ఇవ్వం.

లెక్కలు తనిఖీ అయ్యాయి. వాటి నకలు కోశాధికారిగారి దగ్గర ఉంది, చూడదలచినవారు చూడవచ్చు. కానుకలు వచ్చినంతే ఖర్చయింది, అప్పు లేదు.

వచ్చే ఏడు అధ్యయనానికి యాకోబు పత్రిక అనుకుంటున్నాం, సభ్యులు ఆమోదించాలి. ఒడియా రాయగల యౌవనులు ఈ సభ ముగిసేలోగా కోశాధికారిగారి దగ్గర పేరుతో పాటు, రాగల రోజు కూడా రాసి వెళ్లాలి.

కార్యదర్శి