నారు పోసేముందే చెప్పు బిడ్డా

ఎల్కతుర్తి,
ఆగస్టు 17

చిట్టీ,

మేమిద్దరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి అట్లాగే ఉంది, నువ్వు పంపిన నూనె రోజూ రాస్తోంది. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యమధ్యలో "అది కాదు బాపూ" అంటావు, నాకు చెప్పే మాట తప్పిపోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి నీకు పంపమని పక్కింటి పిల్లగాడికి ఇస్తున్నా. చివరిదాకా చదివినంకనే ఫోన్ చెయ్యి.

చుట్టుపక్కల రైతులు పండించిందే ఏ రోజుకారోజు వండే హోటల్ మన పొలంలో పెడితే నడుస్తుందా అని అడిగి, నువ్వు పోయి చూసి రమ్మన్న ఆ హోటల్‌కు మొన్న ఆదివారం పోయి వచ్చాం. హోటల్ అంటే నీకు కోపం, రెస్టారెంట్ అనాలి. హన్మకొండ దాటినంక మట్టిరోడ్డు మీద కిలోమీటరు లోపలికి ఉంది. నాలుగు మామిడిచెట్లు, పెంకుల కప్పు, గోడకు ఒక నల్లబల్ల. దాని మీద ఆ రోజు తారీఖు, కింద ఆ రోజు వండినవి సుద్దతో రాసి ఉన్నాయి. నాకు బడి గుర్తొచ్చింది. అమ్మ మాత్రం ముందు వంటింటి వైపు తొంగిచూసి, "గిన్నెలు మంచిగ తోముతున్నరు" అని తేల్చేసింది. ఆమె దృష్టిలో సగం పరీక్ష అక్కడే అయిపోయింది.

ఏం కావాలని ఎవరూ అడగరు. ఉన్నదే పెడతారు. మనిషికి 640 రూపాయలు. 5 శాతం జీఎస్టీ కలిపి ఇద్దరికీ 1,344 అయింది. ఈ లెక్క అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మొదట చిన్న మట్టి ముంతల్లో పచ్చిపులుసు ఇచ్చారు. నువ్వులు వేయించి నూరి వేశారు, ఉల్లిగడ్డ చేత్తో పిసికి వేశారు. అక్కడ వంక పెట్టడానికి ఏమీ లేదు. తర్వాత మక్క గారెలు వచ్చాయి. కంకి పాలమీదిది కాదు, గోరు గుచ్చితే కొంచెం గట్టిగా తగిలే వయసుది. గారెకు అదే కావాలి. ఎవరో తెలిసినవాళ్లే ఏరి తెచ్చారు. పక్కన చపాట మిర్చి పచ్చడి పెట్టారు. ఎర్రగా నిప్పులా ఉంటుంది గానీ కారం తక్కువ. టమాటాలా లావుగా ఉంటుందని మనవాళ్లు టమాటా మిర్చి అనేదే ఇది. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న సర్కారు ముద్ర, వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నీకు చెప్పాను, నువ్వు డ్యూటీలో ఉండి "ఆఁ ఆఁ" అన్నావు. వరంగల్ పేరుతో వచ్చిన గుర్తింపు అది. నువ్వు ఇక్కడ పొయ్యి పెడితే నీ బల్ల మీద అది లేకుండా ఉండొద్దు. పచ్చడి రుచి ఇంకా నోట్లోనే ఉంది.

జొన్నరొట్టె, బోడకాకర వేపుడు తర్వాత వచ్చాయి. బోడకాకర ఇప్పుడు బజారులో కిలో 200 దాటింది, వాళ్లు మాత్రం పిసినారితనం చేయలేదు. గింజ ముదరనివి చూసి కోశారు. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. మీ అమ్మ మాట్లాడకుండా తినడం అంటే ఏమిటో నీకు తెలుసు.

ఇక పప్పు దగ్గర కథ మొదలైంది. వడ్డించే పిల్లగాడు వచ్చి "ఇది ఫోరేజ్డ్ గ్రీన్స్‌తో చేసిన దాల్ అమ్మా" అన్నాడు. వాటంతట అవే మొలిస్తే ఏరి తెచ్చిన ఆకుకూర అని దాని అర్థం. అమ్మ ఒక ముద్ద తిని, "గంగవాయిలి కూర అని చెప్పరాదు బిడ్డా" అంది. వాడు నవ్వి, అవునన్నాడు. ఎక్కడిదని అడిగింది. అడవి నుంచి వస్తుందన్నాడు. నాకు నవ్వొచ్చింది. గంగవాయిలి అడవిలో ఎందుకుంటుంది? అది చేన్లో, బావి గట్టు మీద, నీళ్లు పారే కాలువ పక్కన దొరికేది. కానీ ఇంటికొచ్చినంక ఆలోచిస్తే వాడి తప్పు లేదనిపించింది. మన ఊళ్లో ఇప్పుడు గంగవాయిలి ఏ చేన్లో ఉంది? పత్తికి గడ్డిమందు, మక్కకు గడ్డిమందు. నాయినమ్మ కలుపుకు పోయి వస్తూ కొంగులో తుమ్మికూర, గంగవాయిలి, గునుగు ఆకు తెచ్చేది. వినాయక చవితికి తుమ్మికూర తప్పకుండా వండేది. ఇప్పుడేమో, పోయినేడు చవితికి తుమ్మికూర కోసం నేను రెండు చేన్లు తిరిగితే పిడికెడు దొరికింది. పైసలు లేకుండా దొరికిన కూరకు పైసలు పెట్టామని అమ్మ అంటే, నేను అదే చెప్పా: మందు కొట్టని చేను ఒకటి ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు అది, కూర ఖర్చు కాదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల సంఘాల గురించి నీకు ఒకసారి చెప్పాను. 1980ల నుంచి జొన్న, సజ్జ, కొర్ర లాంటి పాత విత్తనాలు ఇళ్లలో కుండల్లో దాచుకుంటూ వచ్చారు. చేన్లో వాటంతట అవే మొలిచే కూరలను కూడా పంటలాగే లెక్కపెట్టేవాళ్లు. 2019లో వాళ్లకు, ప్రకృతిని కాపాడుకునే జనాలకు ఐక్యరాజ్యసమితి వాళ్లు ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు మనిద్దరం ఒకసారి అటు పోయి రావాలి. బెంగళూరులో నేర్చుకోనిది అక్కడ కొంత దొరుకుతుంది.

అన్నం వచ్చినప్పుడు ఏ రకం బియ్యమని అడిగా. "ఆర్గానిక్ అంకుల్" అన్నాడు. అది పద్ధతి పేరు, బియ్యం పేరు కాదు కదా. జగిత్యాల సన్నాలా, 2015లో వచ్చిన తెలంగాణ సోనానా, ఇంకేదైనా దేశీ రకమా? లోపలికి పోయి అడిగి వచ్చాడు, వాళ్లకూ తెలియలేదు. నాకు అక్కడ కొంచెం మనసు విరిగింది. వంకాయ ఏ ఊరి రైతుదో బల్ల మీద రాసినవాళ్లకు, రోజూ తినే అన్నం ఏ వడ్లదో తెలియకపోతే ఎట్లా? పైగా అన్నం ముద్దయింది. కొత్త బియ్యం. అంతా తాజాగా ఉండాలన్న పట్టుదలలో బియ్యం కూడా తాజావే వండుతున్నట్టున్నారు. బియ్యం, చింతపండు పాతబడితేనే రుచి. యాసంగి వడ్లు ఎండబెట్టి, కనీసం ఆరు నెలలు ఆగి పట్టిస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది. నువ్వు దీన్ని రాసిపెట్టుకో.

చివరకు సీతాఫలం ఐస్‌క్రీమ్. శ్రావణంలో సీతాఫలం! కాయ ఇంకా చెట్టు మీద కళ్లు కూడా విప్పలేదు. అడిగితే, పోయినేడు దసరాకు గుజ్జు తీసి గడ్డకట్టించి దాచామని నిజమే చెప్పారు. అమ్మ మొఖం చిట్లించింది గానీ నాకు తప్పనిపించలేదు. నాయినమ్మ మామిడి వరుగులు, కాకర వరుగులు డాబా మీద ఎండబెట్టి దాచింది కూడా ఇందుకే కదా. కాకపోతే బల్ల మీద "పోయినేటి గుజ్జు" అని రాయాలి. టమాట సంగతి కూడా అంతే. ఆ పప్పులో పడ్డ టమాట ఈ చుట్టుపక్కలది కాదని నా కళ్లకు తెలుస్తుంది. ఇప్పుడు మనకు వచ్చేది ఎక్కువగా మదనపల్లె లారీది. అది వాడటం తప్పు కాదు. పైన "అంతా మన రైతులదే" అని రాసి, కింద అది వాడటమే తప్పు.

నువ్వు అడిగిన అసలు ప్రశ్నకు వస్తున్నా. ఇట్లాంటిది మన పొలంలో పెడితే నడుస్తుందా అన్నావు.

మొదటి చిక్కు నీకు బెంగళూరులో కనపడదు. మన దగ్గర బస్సు దిగి చూస్తే ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. కానీ కాకతీయ కాలువ నీళ్లు వచ్చిన కాడినుంచి ఇటు అంతా వరి, ఎత్తు భూముల్లో పత్తి, మక్క. కూరగాయ పెట్టేవాడు ఊరికి ఇద్దరో ముగ్గురో. వరికి కొనుగోలు కేంద్రం ఉంది, పత్తికి బేరగాడు ఇంటికే వస్తాడు. బీరకాయకు ఎవరున్నారు? తెల్లారి మూడింటికి ఆటో ఎక్కించి మార్కెట్లో ఎంతకు అడిగితే అంతకు ఇచ్చి రావాలి. రైతుబజార్లు 1999లో వచ్చాక కొంత నయమే గానీ, అక్కడ కూర్చుని అమ్మడానికి ఇంట్లో ఒక మనిషి ఖాళీగా ఉండాలి. కాబట్టి నువ్వు వచ్చి "మన రైతుల దగ్గర కొంటా" అంటే, ముందు ఆ రైతును నువ్వే తయారు చేసుకోవాలి.

రెండోది నీకు ఇంతవరకు చెప్పని సంగతి. 2016లో టౌన్‌లో ఒక పెద్ద హోటల్‌వాళ్లు రోజూ 20 కిలోల గుత్తి వంకాయ కావాలంటే, నేను బావి కాడ అరెకరం పెట్టా. రెండు నెలలు బాగా తీసుకున్నారు. పైసలు కూడా వారం వారం ఇచ్చారు. ఒక రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది, మెనూ మారింది, రేపటి నుంచి వద్దని. వాళ్లకు మెనూ మారింది, నా చెట్టుకు ఎవరు చెప్పాలి? అది ఇంకో మూడు నెలలు కాస్తూనే ఉంది. మార్కెట్లో కిలో నాలుగు రూపాయలు పలికింది, కోత కూలి కూడా రాలేదు. చివరికి గొర్లను తోలా. ఆ ఏడు నీ ఇంటర్ ఫీజు రెండో విడత ఆలస్యమై నిన్ను క్లాసులో నిలబెట్టింది అందుకే. నేను మర్చిపోయానని నువ్వు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పుడు చెప్పాలనిపించలేదు.

నువ్వు మెనూ రోజూ మారుతుందని సంబరంగా చెబుతావు చూడు, నాకు లోపల ఎక్కడో ఆ ఫోన్ మోగుతుంది.

నువ్వు పొద్దున లేచి బల్ల తుడిచి కొత్తది రాస్తావు. ఆ రాతకు రైతు మూడు నెలల కిందటే దున్ని ఉండాలి. మెంతికూర, పాలకూర నెలలో చేతికొస్తాయి. బెండ 45, 50 రోజులు. టమాట, వంకాయ నారు పోసిన నెలకు నాటాలి, నాటినంక రెండు నెలలకు గానీ మొదటి కోత రాదు. చిక్కుడు ఇప్పుడు పెడితే దీపావళి దాటినంక కాయ కనపడుతుంది. అందుకని బల్ల మీద రాసేది తర్వాత, ముందు నారు పోసేనాడు ఒక కాగితం రాసుకోవాలి: ఎవరు ఏది పెడుతున్నారు, నువ్వు వారానికి ఎన్ని కిలోలు, ఎన్ని వారాలు తీసుకుంటావు. ఎక్కువ కాసినప్పుడు కూడా నువ్వే ఎత్తుకోవాలి. వరుగు చేస్తావో, పచ్చడి పెడతావో నీ ఇష్టం.

నువ్వు చెప్పిన ఆ అమెరికా హోటల్, 1971లో బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ పెట్టిన షే పనీస్, రోజుకో మెనూ అన్న మాట నాకు అంత ఎక్కలేదు. ఒక రైతుతోనే ఏళ్ల తరబడి నడుస్తూ, వంటింటి తుక్కును తిరిగి ఆయన పొలానికే పంపేవాళ్లని నువ్వు చెప్పావు చూడు, అది ఎక్కింది. నేర్చుకుంటే అది నేర్చుకో.

ఇంకో మాట. కాలం అంటే పంట ఒక్కటే కాదు. శ్రావణం అంతా మీ అమ్మలాంటివాళ్లు నీసు ముట్టరు, ఆ రోజు హోటల్‌లో సగం బల్లలు ఖాళీగా ఉన్నది అందుకే అనుకుంటా. కార్తీకం, అయ్యప్ప మాలలు అట్లాగే. మృగశిర కార్తె నాడు మాత్రం చేప లేకపోతే ఎవరూ లోపలికి రారు, కొర్రమీను ఉందంటే లైను కడతారు. మే నెల నీకు అన్నిటికన్నా కష్టం. కూరగాయ ఉండదు, ఉన్నా ఎండిపోయి ఉంటుంది. ముంజలు, మామిడికాయ, చింతచిగురు, పప్పు, నాయినమ్మ వరుగులు, వీటితో నెల గడపగలిగితే మిగతా పదకొండు నెలలు నీకు ఆట. వచ్చే మేలో సెలవు పెట్టి ఇంటికి రా, నెల రోజులు మా ఇద్దరికే వండు చూద్దాం. ఫ్రిజ్ ముట్టొద్దు.

కింది మడిలో అరెకరం ఈసారి వరి నాటలేదు. కూలీలు దొరకలేదని ఊళ్లో చెప్పా, అమ్మకు కూడా అదే చెప్పా. బోరు నీళ్లు సరిపోతాయి. అందులో మందు కొట్టక రెండేళ్లు అయింది, గట్టు మీద గంగవాయిలి మళ్లీ కనిపిస్తోంది.

అమ్మ బూడిదలో కలిపి దాచిన చిక్కుడు గింజలు రెండు రకాలు ఉన్నాయి. ఒకటి తెల్ల కాయ, ఒకటి అంచుకు ఊదారంగు గీత ఉండేది. ఏది పెట్టాలో వచ్చే ఆదివారంలోపు చెప్పు. ఈలోపు మంచి వాన పడిందంటే మాత్రం నేను ఆగను, రెండూ పెట్టేస్తా.

మీ బాపు