వరమా, ప్రసాదమా అని అడిగిన గది

సంపాదకులకు నమస్కారం.

కళాశాల ప్రవేశాల మీద మీరు వేసిన ప్రత్యేక పుటలు చదివాను. చెన్నైలోని క్యాథలిక్ కళాశాలల గురించి కటాఫ్ మార్కులు, హాస్టలు రుసుములు, ఉద్యోగాలిచ్చే కంపెనీల జాబితా అన్నీ ఉన్నాయి. ఆ కళాశాలలు అసలెందుకు పుట్టాయో మాత్రం ఒక్క వాక్యం లేదు. తప్పు మీ విలేకరిది అనను. ఈ రోజుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లూ లేరు, అడగకుండా చెప్పేవాళ్లూ లేరు.

నేను క్రైస్తవుణ్ణి కాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా పక్క వాటాలో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబం ఉంటోంది. వాళ్లమ్మాయి నగరంలోని ఒక క్యాథలిక్ కళాశాలలో ఎమ్మెస్సీ చదువుతోంది. కళాశాల పేరు రాయను, రాస్తే ఆ అమ్మాయికే ఇబ్బంది. కిందటి ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం, "తాతగారూ, మా చదువుల కూటానికి ఒకసారి రండి" అని పట్టుబట్టి తీసుకెళ్లింది. భజనలాంటిదేదో ఉంటుందనుకుని వెళ్లాను.

పై అంతస్తులో ఒక తరగతి గది. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది. తొమ్మిది మంది పిల్లలు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ఫాదర్, బల్ల మీద పులిహోర డబ్బా. తొమ్మిది మందిలో నలుగురు క్యాథలిక్కులు కారు, ఇద్దరికి తెలుగు అరకొర. పక్కవాళ్లు చెవిలో తమిళంలో చెబుతున్నారు. అందరి చేతుల్లో ప్రాచీన క్రైస్తవ తత్త్వవేత్త పునీత అగుస్తీను రాసిన నాలుగు పుటల జిరాక్సు కాగితాలు. ఇంగ్లీషు ప్రతిలో 'గ్రేస్' అన్న మాట దగ్గర బండి ఆగింది. తెలుగులో ఏమనాలి?

"వరప్రసాదం" అన్నాడు ఒక అబ్బాయి తడుముకోకుండా. చిన్నప్పటి నుంచి 'దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా' అని జపమాల చెప్పుకున్నవాడు, తడుముకోవలసిన పనేముంది? అప్పుడు చిత్తూరు అమ్మాయి ఒకతె, హిందువే, చేయి ఎత్తింది. "వరం వేరు, ప్రసాదం వేరు కదండీ. వరం కావాలంటే ఒంటికాలి మీద తపస్సు చేయాలి. ప్రసాదం గుడికి వచ్చిన ప్రతివాళ్లకూ పెడతారు, దొన్నె పట్టుకుంటే చాలు. మీ దేవుడిచ్చేది ఈ రెండింటిలో ఏది?"

ఫాదర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నవ్వారు. పదహారు వందల ఏళ్ల కిందట అగుస్తీనుకూ ఆ కాలపు మరో క్రైస్తవ బోధకుడు పెలాజియస్‌కూ మధ్య గొడవ సరిగ్గా ఇదేనమ్మా అన్నారు. మనిషి తన సంకల్పంతో, సాధనతో ధర్మమార్గంలో నడవగలడని పెలాజియస్. ఆ సంకల్పం కలగడం కూడా దేవుడు పెట్టిన భిక్షేనని అగుస్తీను. అంతటితో వదిలిపెట్టారా పిల్లలు! మా పక్కింటమ్మాయి అందుకుంది: "మరి దొన్నె చాచడం మన ప్రయత్నం కాదా?" ఆ ప్రశ్న మీద కూడా తరవాత కొన్ని తరాల పాటు వాదించుకున్నారట పండితులు. కాపలా మనిషి వచ్చి తాళాల గుత్తి గలగలలాడించేదాకా ఎవరూ లేవలేదు. పులిహోర మిగిలిపోయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి ప్రశ్నలు నా తరగతిలో ఎన్ని లేచాయో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఈ జూన్ నుంచి ఆ గది వాళ్లకు లేదు. ఆ గంటలో ఇంటర్వ్యూల శిక్షణ పెట్టారు. వేరే గది అడిగితే కార్యాలయంలో వచ్చిన జవాబు ఇది: ప్రార్థన కూటమైతే చాపెల్‌లో పెట్టుకోండి, పాఠమైతే శాఖ అనుమతి తెచ్చుకోండి. రెండూ కాకపోతే పద్దు లేదు. క్రెడిట్లు రాని పనికి విద్యుత్తు ఖర్చెందుకని కూడా ఎవరో అన్నారట. ఒక్క ఫ్యాను ఖర్చు!

నన్ను ఈ ఉత్తరానికి పురికొల్పింది ఆ జవాబే. ప్రార్థనా కాని, పాఠమూ కాని ఆ మధ్య జాగా కోసమే క్యాథలిక్కులు విశ్వవిద్యాలయాలు పెట్టారు. 1990 ఆగస్టు 15న జగద్గురువులు (పోపు) రెండవ జాన్ పాల్ క్యాథలిక్ విశ్వవిద్యాలయాల మీద వెలువరించిన శాసనపత్రంలో విశ్వాసానికీ బుద్ధికీ మధ్య సంభాషణ జరగాలని స్పష్టంగా ఉంది. అదే పత్రం అన్యమతస్థుల మనస్సాక్షి స్వేచ్ఛను గౌరవించాలని కూడా చెబుతుంది. సంభాషణకు కనీసం ఒక గది కావాలి కదా.

నా సొంత విద్య నుంచి ఒక సాక్ష్యం చెబుతాను. నాకు లెక్కలు చెప్పిన మాష్టారు ఫాదర్ చార్లెస్ రాసీన్ దగ్గర చదువుకున్నవారు. రాసీన్ ఫ్రెంచి జెసూట్ (యేసు సభ) గురువు, పారిస్‌లో ప్రసిద్ధ గణితవేత్త ఎలీ కార్టాన్ దగ్గర పరిశోధన చేసినవారు. 1925లో నుంగంబాక్కంలో మొదలైన లయోలా కళాశాలలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పారు. ఆయన బోర్డు మీద రాసినవి ప్రార్థనలు కావు. చాలాసార్లు పరీక్షకు వచ్చే పాఠాలు కూడా కావు. అప్పటికి మన సిలబస్ గడప తొక్కని ఆధునిక గణితం అది. సి.ఎస్. శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్ ఆయన శిష్యులు. వాళ్లిద్దరూ 1965లో ప్రచురించిన సిద్ధాంతం ఇవాళ ప్రపంచమంతటా వాళ్ల పేరుతోనే ఉంది. తెలివైన పిల్లల్ని ఆయన బొంబాయి టాటా పరిశోధన సంస్థకు వెళ్లమని ప్రోత్సహించేవారు. అక్కడ గణిత విభాగాన్ని నిలబెట్టినవారు మన మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న మీనాక్షిసుందరం కూడా లయోలాలో చదివి, కష్టకాలంలో ఈ ఫాదర్ సాయం పొందినవారే. రాసీన్‌ను ఎవరైనా క్రెడిట్లు ఎన్ని అని అడిగి ఉంటే ఏమనేవారో!

ఇంకా వెనక్కి వెళితే, తెలుగు నేల మీద పనిచేసిన జెసూట్ గురువు కేర్దూ తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చి, 1767లో పారిస్ పండితులకు ఒక లేఖ రాశారు. సంస్కృతంలో దానం, లాటిన్‌లో దోనుం; ఇక్కడ విధవ, అక్కడ విదువా. ఈ పోలికలు ఎక్కడివని అడిగారు. సంస్కృతానికీ లాటిన్‌కూ ఉన్న చుట్టరికం గురించి విలియం జోన్స్ కలకత్తాలో ప్రసిద్ధ ప్రసంగం చేయడానికి పందొమ్మిదేళ్ల ముందు మాట ఇది. రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని ఎందుకిలా అని అడగడమే ఆయన చేసిన పని. చిత్తూరు అమ్మాయి చేసినదీ అదే.

కళాశాలలో మతం గురించి మాట్లాడనిస్తే మతమార్పిడికి దారి తీస్తుందని అనేవాళ్లుంటారు. మా రోజుల్లో క్యాథలిక్ పిల్లల్ని సత్యోపదేశానికి (వాళ్ల మతపాఠానికి), మమ్మల్ని నీతిబోధకు వేరువేరు గదుల్లోకి పంపేవారు. వాళ్లేం విన్నారో మాకు తెలియదు, మేమేం విన్నామో వాళ్లకు తెలియదు. నీతిబోధలో నేను నేర్చుకున్నది కళ్లు తెరిచి నిద్రపోవడం. అనుమానాలు పుట్టేది మూసిన తలుపుల వెనకే. శుక్రవారం గదికి తలుపు తీసే ఉండేది, నాలాంటివాడు కూడా వెళ్లి కూర్చున్నాడు.

సొంత విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కును మైనారిటీలకు రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చింది. లయోలా ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఫాదర్ జెరోమ్ డిసౌజా రాజ్యాంగ సభలో సభ్యులు కూడా. ఆ హక్కు ఎందుకోసం? ఇంటర్వ్యూల శిక్షణ ఏ కళాశాలైనా ఇస్తుంది, దానికి ప్రత్యేక అధికరణం అక్కరలేదు.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట. ఉగాదికి కవి సమ్మేళనం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతున్నారు, సంతోషం. అగుస్తీను గురించి తెలుగులో వాదించుకునే పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు? విచారణ గురువులు (స్థానిక చర్చిల ఫాదర్లు) కూడా యువత అనగానే గిటారు, క్రికెట్టు అని కాకుండా ఈ పిల్లల వైపు ఒకసారి చూడాలి.

ప్రస్తుతం వాళ్లు ఒక చర్చి వరండాలో కూర్చుంటున్నారు. వీధిలో వాహనాల మోత, పైగా ఆరున్నర దాటితే దీపం చాలదు. కిందటి శుక్రవారం నేను టార్చిలైటు తీసుకెళ్లాను. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే ఆ వరండాలో జల్లు కొడుతుంది, జిరాక్సు కాగితాలు కూడా నిలవవు. ఆ కళాశాల యాజమాన్యంలో మీ పత్రిక చదివేవారు ఉన్నారని తెలిసే ఇది రాస్తున్నాను. వానలు పడేలోగా ఏదో ఒక గది తాళంచెవి, వారానికి రెండు గంటలు, ఆ పిల్లలకు ఇప్పించండి. ఫ్యాను ఖర్చు నేను కడతాను.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై