స్టూలు అడిగితే తప్పా?

సంపాదకులకు నమస్కారం.

ఈసారి పండక్కి చీరలు కొనడానికి వెళ్లినప్పుడు, మీకు చీరలు చూపించే అమ్మాయి కాళ్లవైపు ఒక్కసారి చూడండి. మనం పరుపు మీద బాసింపట్టు వేసుకుని ‘ఆ అరలోది కూడా తియ్యమ్మా’ అంటుంటాం, తనేమో ఒంటికాలి మీద బరువేసి రెండో కాలి మడమని పిక్కకేసి రుద్దుకుంటూ ఉంటుంది. చెప్పులు బయటే వదలాలి కాబట్టి వట్టి కాళ్లతో, గ్రానైటు బండల మీద, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. ఎలా తెలుసంటే ఆరేళ్లు నేనూ అదే పని చేశాను.

కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా వెళ్లాను. సాయంత్రానికి చీలమండలు కనపడేవి కావు, వేలితో నొక్కితే గుంట పడేది, మెట్టెలు బిగుసుకుపోతే మా అత్తయ్య సబ్బునీళ్లు రాసి తీసింది. కాన్పయ్యాక వాపు పోయింది గానీ పాత చెప్పులు పట్టలేదు. ఆ నెలల్లో కీళ్ల దగ్గర బంధనాలు వదులవుతాయట, అరికాలి వంపు కొంచెం కిందికి దిగి పాదం సాగుతుందట, కొందరికి అలాగే ఉండిపోతుందట. డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ఆ ఇరుకు చెప్పుల్నే ఏడాది ఈడ్చాను, చిటికెనవేలి మీద ఆనెకాయ వాటి చలవే.

తర్వాత మడమ శూల మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది, పది అడుగులేస్తే కాస్త సర్దుకునేది. అందరూ ‘ఎముక పెరిగింది’ అన్నారు, ఎక్స్‌రేలో నిజంగానే చిన్న కొక్కెంలా కనిపిస్తే హడలిపోయాను. తీరా చూస్తే అలాంటి కొక్కెం ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుందట, బాధపెట్టేది మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ, రాత్రంతా బిగుసుకుని పొద్దున్నే ఒక్కసారిగా లాగుతుంది. మంచం దిగకముందే తువ్వాలు పాదానికేసి వేళ్లని నావైపు లాక్కోవడం, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు, వీటితో నాలుగు నెలలకి తగ్గింది. (ఇంట్లో చెప్పులేంటని అత్తయ్య రెండు వారాలు మూతి ముడుచుకుంది. ఆవిడకి షుగరు, మొన్న కాల్లో ముల్లు దిగితే నేల మీద రక్తం చూసేదాకా తెలియలేదు, ఇప్పుడు ఆవిడా వేసుకుంటోంది.)

ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ సూపర్‌వైజర్‌కి చూపిస్తే, ‘మీరు కూర్చుంటే కస్టమర్‌కి గౌరవం ఏముంటుందమ్మా’ అన్నాడు. కస్టమర్ లేని మధ్యాహ్నం మూడింటికి కూడా అదే మాట. రెండు నెలలు చూసి మానేశాను.

కోళికోడ్ మిఠాయి తెరువులో బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి గొడవ చేస్తే, 2018లో కేరళ తన షాపుల చట్టం మార్చి కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడూ చేసింది. అక్కడ పట్టుచీరల వ్యాపారమేమీ ఆగిపోలేదు.

మన దగ్గర కార్మిక శాఖ వాళ్లు షాపులకి తనిఖీకి వచ్చినప్పుడు, రిజిస్టర్లతో పాటు స్టూళ్లు కూడా లెక్కపెట్టమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఉన్నాయా లేవా అని మేనేజర్‌ని అడక్కండి, రెండో అంతస్తు ఎక్కి మీరే చూడండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు