గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లయినవాళ్ల గోడు: అమెరికా విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గ్రీన్‌కార్డు (అమెరికా శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్ల భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చే వలస వీసా ఎఫ్‌2ఏ. ఆ వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ భార్యల తరఫున, భర్తల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇదివరకు వినతిపత్రాలు చాలా వెళ్లాయి. ప్రయారిటీ డేట్ (వరుసలో మన స్థానాన్ని చూపే తేదీ) కరెంట్ అయ్యేదాకా, అంటే వంతు వచ్చేదాకా, ఆగాలన్నదే ప్రతిసారీ వినిపించిన మాట. ఆగుతూనే ఉన్నారు. వరుసలో ఆగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆగినన్నాళ్లూ భార్యాభర్తలు ఒకచోట ఉండటానికి ఏ దారీ మిగల్చలేదు. మా బాధంతా దాని గురించే.

ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ల సంగతి ముందు చెబుతాం. కార్డు మంజూరు కావడానికి ఒక్కరోజు ముందు పెళ్లయి ఉంటే భార్య ఆ కేసులో భాగమే. అమెరికా వలస చట్టం 203(డి) సెక్షన్ కింద భర్త ప్రయారిటీ డేటే ఆమెకూ వర్తిస్తుంది. ఆయన ఐ-824 ఫారం వేసి కేసును నేషనల్ వీసా సెంటర్‌కి (ఇంటర్వ్యూకి ముందు కేసులు చూసే మీ శాఖ కార్యాలయం) పంపించుకుంటే, తేదీ మళ్లీ వెనక్కి జరగనంతవరకూ ఆమె ఇంటర్వ్యూకి వెళ్లిపోవచ్చు. అదే పెళ్లి కార్డు వచ్చిన మర్నాడు జరిగితే ఇవేవీ వర్తించవు. కొత్తగా ఐ-130 (కుటుంబ సభ్యుల కోసం వేసే పిటిషన్) వేసి ఎఫ్‌2ఏ వరుస చివర నిలబడాలి. ఆయన ఇంకా హెచ్‌-1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీదే ఉండి ఉంటే ఆమె కనీసం హెచ్‌-4 (ఆ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చేది. కార్డు చేతికి రాగానే హెచ్‌-1బీ ముగుస్తుంది, హెచ్‌-4 దారీ దాంతోనే మూసుకుపోతుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు భార్యతో కాపురం చేసుకోగలడు, శాశ్వత నివాసం పొందినవాడు చేసుకోలేడు. ఇది ఏ లెక్కన న్యాయమో మాకు బోధపడటం లేదు.

మా తెలుగు ఇళ్లలో పెళ్లి తేదీ ఎలా కుదురుతుందో హైదరాబాద్ కాన్సులేట్‌లో పనిచేసే మా ఊరివాళ్లను అడిగినా చెబుతారు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే వారాల తరబడి ఉండవు. నిశ్చితార్థం అయిపోయి, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టి, మూఢం వెళ్లాక ముహూర్తం పెట్టుకుంటారు. ఈలోగా ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) మంజూరైందని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ ఏ రోజు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఇల్లంతా పండగ చేసుకోవాల్సిన ఆ వార్తతోనే కాబోయే భార్య కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది.

ముందే రిజిస్టర్ పెళ్లి చేసుకోవచ్చు కదా అని మీ అధికారులు అడగొచ్చు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాల్సిందే. హిందూ వివాహ చట్టం కిందైతే ముందు పెళ్లి జరగాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. పెళ్లితంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ చెల్లదని భారత సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. కాగితం మీద పెళ్లి కానిచ్చేయమని సలహా ఇచ్చే ఏజెంట్ల మాట విన్నవాళ్లు ఇంటర్వ్యూలో పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట జరిగిందని అడిగేసరికి ఇరుక్కుపోతున్నారు. గుడిలో నలుగురి మధ్య తాళి కట్టి, ఏడడుగులు నడిచి, ఫొటోలు తీసుకుని, ఆపైన సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకున్న పెళ్లి చెల్లుతుంది. ఆ మాత్రం వ్యవధి కూడా దొరకనివాళ్లే ఇప్పుడు ఈ వరుసలో ఉన్నారు.

ఎఫ్‌2బీ పిల్లలది ఇంకా దారుణం. తల్లో తండ్రో గ్రీన్‌కార్డు మీద ఉండి, 21 దాటిన కొడుక్కో కూతురికో ఐ-130 వేస్తే, ఆ బిడ్డ వీసా వచ్చి అమెరికాలో అడుగుపెట్టేదాకా పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే ఆ పిటిషన్ అక్కడితో రద్దు. ఆ వరుస ఏళ్లకేళ్లు సాగుతుంది. ముప్పయ్యేళ్లు దాటేదాకా పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లున్నారు. తీరా అమెరికా చేరి, మళ్లీ వచ్చి పెళ్లి చేసుకుంటే భార్యకోసం ఎఫ్‌2ఏలో మొదటినుంచీ ఎదురుచూడాలి. పెళ్లి చేసుకుంటే వీసా పోతుంది, చేసుకోకుండా వెళితే భార్యను వెంట తెచ్చుకోలేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ రెండు రూల్సూ మీ దేశానివే. ఒకదాన్ని పాటించినందుకు రెండోది శిక్ష వేస్తోంది.

ఇక వీసా బులెటిన్, అంటే ఏ తేదీ వరకు వంతు వచ్చిందో మీ శాఖ నెలనెలా ప్రకటించే పట్టిక. 2019 జూలై నుంచి 2023 మార్చి వరకు ఎఫ్‌2ఏ గడిలో ‘సి’ (కరెంట్, అంటే ఎదురుచూపు లేదు) అనే ఉంది. ఆ అక్షరాన్ని నమ్మి సంబంధాలు ఖాయం చేసుకున్నారు. అందులోనూ ఎంతకాలం తలుపులు నిజంగా తెరిచి ఉన్నాయి? 2020 మార్చిలో కరోనాతో కాన్సులేట్లు మూతపడ్డాయి. ఏప్రిల్లో వచ్చిన అధ్యక్ష ప్రకటన ఇమిగ్రెంట్ వీసాలను ఆపేసింది. అమెరికా పౌరుల భార్యలకు మినహాయింపు ఇచ్చి, గ్రీన్‌కార్డుదారుల భార్యలను వదిలేశారు. అది 2021 ఫిబ్రవరిలో గానీ రద్దు కాలేదు. పేరుకుపోయిన కేసులు కదలడం మొదలయ్యాక 2023 ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ ఒక్కసారిగా 2020 సెప్టెంబర్ 8కి పడిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌కి 2019 ఫిబ్రవరి 8కి వెళ్లింది. తర్వాత ముందుకు జరిగిన మాట నిజమే. కానీ రేపటి బులెటిన్ ఎటు జరుగుతుందో తెలియనప్పుడు ఏ కుటుంబమైనా ఉద్యోగం మానాలో, అద్దె ఇల్లు ఖాళీ చేయాలో, బిడ్డను ఏ బడిలో చేర్పించాలో ఎలా తేల్చుకుంటుంది?

ఎఫ్‌2ఏ, ఎఫ్‌2బీ కలిసిన ఎఫ్‌2 మొత్తానికీ ఏడాదికి 1,14,200 వీసాలన్నది 1990 నాటి చట్టం పెట్టిన సంఖ్య. అందులో 77 శాతం, అంటే దాదాపు 87,900, ఎఫ్‌2ఏకి. ప్రపంచంలోని అన్ని దేశాల భార్యలు, భర్తలు, 21 లోపు పిల్లలు అందరికీ కలిపి అంతే. దాన్ని మార్చే అధికారం కాంగ్రెస్‌ది, మీది కాదని తెలుసు. 2013 జూన్‌లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన ఎస్.744 బిల్లులో గ్రీన్‌కార్డుదారుల భార్యాపిల్లలను ఈ లెక్కలోంచి తీసేసి, పౌరుల కుటుంబాలతో సమానంగా చూడాలని ఉంది. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. ఆ పోరాటం వేరే ఉంది. మీ చేతిలో ఉన్నవాటి గురించే ఇక్కడ అడుగుతున్నాం.

ఎదురుచూసే కాలంలో ఆమె ఎలా వెళ్లి భర్తను చూడాలి? దయచేసి ఒక్కో దారీ మీరే చూడండి. బీ-2 సందర్శక వీసాకి 185 డాలర్లు కట్టి డీఎస్-160 దరఖాస్తు నింపితే, మీ పేరున ఇమిగ్రెంట్ పిటిషన్ ఎవరైనా వేశారా అని అందులోనే ప్రశ్న ఉంటుంది. భర్త అమెరికాలో ఏ హోదాలో ఉన్నాడో కూడా చెప్పాలి. నిజం రాస్తే కిటికీ దగ్గర రెండు నిమిషాల్లో 214(బి) సెక్షన్ కింద, అంటే తిరిగివస్తారన్న నమ్మకం లేదంటూ, తిరస్కరణ కాగితం చేతికిస్తారు. లేదని రాస్తే అది అబద్ధం. తర్వాత ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలో బయటపడితే తప్పుడు సమాచారం కింద శాశ్వత నిషేధం. ఈ వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ మేము చెప్పేది ఒకటే: ఏ ఏజెంట్ ఏం చెప్పినా ‘అవును’ అనే రాయండి. నిజం రాసినవాళ్లకు దక్కుతున్నది మాత్రం తిరస్కరణ. ఎఫ్‌-1 మీద చదువుకోవడానికి వెళదామంటే దానికీ తిరిగివస్తానని నిరూపించుకోవాలి కాబట్టి అదే 214(బి) అడ్డొస్తుంది. ఆ సెక్షన్ అడ్డురానివి హెచ్‌-1బీ, ఎల్ (కంపెనీ బదిలీ) వీసాలు. ఎల్ కావాలంటే బహుళజాతి కంపెనీలో ఏడాదైనా పనిచేసి ఉండాలి. హెచ్‌-1బీకి లాటరీ తగలాలి, ఆపైన 2025 సెప్టెంబర్ ప్రకటనతో బయటి దేశం నుంచి వచ్చే కొత్త ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. పెళ్లయిన అమ్మాయి భర్త దగ్గరకు వెళ్లడానికి అది దారేనా?

పోనీ ఆయనే ఇక్కడికి వచ్చి ఉందామంటే అదీ కుదరదు. ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి కావాల్సిన నిరంతర నివాసం తెగిందని అనుమానిస్తారు. ఏడాది ఉంటే అది తెగినట్టే, కార్డుకీ ముప్పు. ఐ-131 ఫారం వేసి రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి అడుగుపెట్టే అనుమతి) తెచ్చుకుంటే రెండేళ్ల వరకు కార్డు నిలుస్తుంది గానీ పౌరసత్వపు గడియారాన్ని అది కాపాడదు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. భార్యను త్వరగా తెచ్చుకోవాలంటే త్వరగా పౌరుడు కావాలి, త్వరగా పౌరుడు కావాలంటే భార్యకు దూరంగా ఉండాలి. రెండు మూడు వారాల సెలవుల్లోనే వీళ్ల కాపురం గడుస్తోంది.

ఈ మధ్యలో బిడ్డ పుడితే? గ్రీన్‌కార్డు తండ్రికి ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు కాదు. తల్లికి గ్రీన్‌కార్డు ఉండి, తాత్కాలికంగా వచ్చినప్పుడు ఇక్కడ ప్రసవిస్తే రెండేళ్లలోపు బిడ్డను వీసా లేకుండా వెంట తీసుకెళ్లే వీలుంది. తండ్రికి ఆ వీలు లేదు. బిడ్డ తల్లి కేసులోనే అనుబంధంగా చేరాలి, విడిగా డీఎస్-260 (వలస వీసా దరఖాస్తు) నింపాలి, విడిగా 325 డాలర్లు కట్టాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు ఎన్‌-400 (పౌరసత్వ దరఖాస్తు) వేసి తండ్రి పౌరుడవుతాడు. ఆ పౌరసత్వ ధ్రువపత్రం పంపగానే భార్య కేసుకి ఇక వరుస అక్కర్లేదు. కానీ పౌరుడి భార్య కేసులో అనుబంధంగా పిల్లలు ఉండరు. నిన్నటిదాకా తల్లితో ఉన్న బిడ్డ ఆ రోజుతో కేసు బయట పడతాడు. కొత్తగా ఐ-130 వేయాలి, కాగితం మీదైతే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. అది మంజూరయ్యేదాకా తల్లి తన వీసా ఆపుకోవాలి, లేదా పసివాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కాలి. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే విడిగా ఐ-130 వేసుకోమని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాం. ఈ ఒక్క వాక్యం మీ శాఖ సూచనల్లో, కేసు అందినట్టు నేషనల్ వీసా సెంటర్ ఇచ్చే నోటీసులో పెద్ద అక్షరాలతో ఎందుకు ఉండకూడదు?

కాగితాల తిప్పలు క్లుప్తంగా చెబుతాం. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో తెచ్చుకున్న పోలీసు క్లియరెన్స్ రెండేళ్లకు పాతబడుతుంది. మెడికల్ సాధారణంగా ఆరు నెలలే. ఐ-864 ఆర్థిక హామీ పత్రానికి ప్రతి ఏడాదీ కొత్త ట్యాక్స్ రిటర్న్ జతచేయాలి. తేదీ వెనక్కి జరిగిన ప్రతిసారీ వీటిలో ఏదో ఒకటి మళ్లీ మొదలు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అదో ప్రశ్న. ఇవన్నీ దాటాక శ్రీకాకుళం నుంచైనా ఆదిలాబాద్ నుంచైనా ఇంటర్వ్యూకి ముంబయి పోవాలి. నానక్‌రామ్‌గూడలో 340 మిలియన్ డాలర్లతో కట్టి 2023లో తెరిచిన కాన్సులేట్ ఉండగా, అందులో ఇమిగ్రెంట్ వీసాల కౌంటర్ ఒక్కటి ఎందుకు లేదో ఎవరూ చెప్పరు.

మీ దేశం ఈ బాధను ఒకసారి గుర్తించింది కూడా. 2000 డిసెంబర్‌లో లైఫ్ యాక్ట్ తెచ్చి ‘వి’ వీసా ఇచ్చారు. పిటిషన్ వేసి మూడేళ్లు ఎదురుచూసిన గ్రీన్‌కార్డుదారు భార్యాపిల్లలు అమెరికాకు వచ్చి, అక్కడే ఉండి, పనిచేసుకుంటూ తమ వంతు కోసం ఆగొచ్చు. 214(బి) కూడా వర్తించదని ఆ సెక్షన్‌లోనే రాసుకున్నారు. కానీ 2000 డిసెంబర్ 21 లోపు వేసిన పిటిషన్లకే అని గీత గీశారు. చట్టంలో ఆ వీసా పేరు ఇప్పటికీ ఉంది. అందుకోగలిగేవాళ్లే లేరు. ఆ ఒక్క తేదీని తీసేయమని కాంగ్రెస్‌కు మీరు రాయండి. మీరు రాస్తే వింటారు. మేము రాస్తే వినడం లేదు.

అప్పటిదాకా బీ-2 విషయమైనా చూడండి. ఐ-130 పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన తిరస్కరించి తీరాలని 214(బి)లో ఎక్కడా లేదు. వలస ఉద్దేశం లేదని దరఖాస్తుదారు అధికారిని ఒప్పించాలనే ఉంది. ఇక్కడ ఉద్యోగం, సెలవు మంజూరు పత్రం, తిరుగు టికెట్, తన వంతు వచ్చేదాకా ఇక్కడే ఆగుతానని నిజాయితీగా పిటిషన్ వేసిన రికార్డు చూపించిన భార్యకు ఒక్కసారి వెళ్లివచ్చే వీసా ఇవ్వొచ్చని మీ ఫారిన్ అఫైర్స్ మాన్యువల్లో (వీసా అధికారులు పాటించే నియమావళి) స్పష్టంగా రాయించండి. చట్టం మార్చక్కర్లేదు, ఓటింగ్ అక్కర్లేదు, మీ సంతకం చాలు. మూడు నెలలకు ఇచ్చినా చాలు. గడువులోగా తిరిగిరాకపోతే ఆమె కేసే పాడవుతుందని ఆమెకు బాగా తెలుసు. ఇన్నేళ్లు వరుసలో నిలబడ్డ మనిషి దాన్ని చేజేతులా పోగొట్టుకోదు.

హైదరాబాద్‌లో ఇమిగ్రెంట్ ఇంటర్వ్యూలు మొదలుపెట్టించండి. బిడ్డ కేసు గురించిన ఆ హెచ్చరిక నోటీసులో చేర్పించండి. తేదీ వెనక్కి జరగబోతోందని మీ వీసా ఆఫీసు అంచనా వేసినప్పుడు ఆ మాట వీలైనంత ముందుగా బులెటిన్‌లో చెప్పించండి. అన్నిటికన్నా ముందు ఆ బీ-2 సూచన. ఈ ఏడాదే ఇవ్వండి. చేతులు జోడించి అడుగుతున్నాం.

ఇట్లు,
ఎఫ్‌2ఏ వరుసలో ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాల తరఫున