వార్షిక నివేదిక 2025-26: మన హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో మనం అనుకున్నది బడి గేటుకి ఆర్చి కట్టిద్దామని. ఏడాదంతా చేసింది పిల్లల వెంట ఆధార్ సెంటరుకీ బ్యాంకుకీ తిరగడం. ఆర్చి ఏమైందని ఫోన్లు చేస్తున్నవాళ్లు ఓపిగ్గా ఇది చదవాలని మనవి.

మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇప్పుడు చదువుతున్నది దాదాపుగా కూలి పనుల మీద బతికే ఇళ్ల పిల్లలే. నాలుగు రూపాయలు వెనకేసుకున్నవాళ్ల పిల్లలు పొద్దున్నే ప్రైవేటు బడి పసుపు బస్సెక్కి టౌనుకి పోతున్నారు. దాచడం ఎందుకు, ఆ బస్సులో మా మనవడూ ఉన్నాడు. మిగిలిన పిల్లలకి ప్రభుత్వం ఏమీ ఇవ్వట్లేదని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఇస్తోంది. అది చేతికందే ముందు దాటాల్సిన కాగితాల దగ్గరే పిల్లలు ఆగిపోతున్నారు.

ముందుగా ఎన్ఎంఎంఎస్, అంటే కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో రాసే ఈ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకి 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి ఏటా ఇచ్చేవి లక్ష. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. పాఠాల మీద వచ్చే పేపరుకి బళ్లో చెప్పింది సరిపోతుంది. తర్కంతో తెలివిని పరీక్షించే రెండోదే తంటా. అద్దంలో గడియారం బొమ్మ చూపించి టైమెంత అంటే మొదటిరోజు క్లాసంతా నవ్వారు, ఒక్కరూ చెప్పలేదు. రిటైరైన మన లెక్కల మాస్టారు సెప్టెంబరు నుంచి సాయంత్రాలు గంటసేపు కూర్చోబెట్టి నేర్పారు. పైసా తీసుకోలేదు, టీ కూడా ఇంటి నుంచే తెచ్చుకునేవారు. ఈసారి ఇద్దరు ఎంపికయ్యారు.

ఎంపికైతే డబ్బు వచ్చినట్టే అనుకున్నాం. అంతకు ముందు ఏడు ఎంపికైన అమ్మాయి సంగతి చూశాక ఆ భ్రమ పోయింది. తొమ్మిదిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చెయ్యాలి. బడి రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరం. పేరు సరిచేయించడానికి హెడ్మాస్టారు సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఆధార్ సెంటరుకి వెళ్తే మొదటిసారి సర్వర్ పనిచెయ్యలేదు, రెండోసారి టోకెన్లు అయిపోయాయి. మూడోసారి పనయింది. ఆ తల్లికి మూడు రోజుల కూలి పోయింది. తర్వాత బ్యాంకు. ఖాతాకి ఆధార్ లింక్ అయిందని కౌంటర్లో రెండుసార్లు చెప్పారు. లింక్ వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్ నంబరుకి ముడిపెట్టే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు అని మనకి తెలిసేసరికి గడువు దగ్గరకొచ్చేసింది, టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి డబ్బు పడింది. ఆ మెసేజ్ బెంగళూరులో మేస్త్రీ పనికి వెళ్లిన తండ్రి ఫోనుకి వెళ్తే, ఎవడో మోసగాడు పంపాడనుకుని ఆయన తుడిచేశాడు. పాస్‌బుక్ ప్రింట్ వేయించేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. దీన్ని ఏటా రెన్యువల్ చెయ్యాలని కూడా గుర్తుంచుకోవాలి.

బడి పిల్లల తల్లులకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం 2025 జూన్‌లో మొదలైంది. ఒక్కో బిడ్డకి 15,000 చొప్పున, అందులో 2,000 బడి నిర్వహణకి పోను 13,000 తల్లి ఖాతాకి. ఇంట్లో ఎంతమంది చదివితే అంతమందికీ వర్తిస్తుంది. జాబితాలో పేరు లేదని మన దగ్గరకొచ్చిన వాళ్లలో ఒకామెది ఒకే గది రేకుల ఇల్లు. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటిందని తీసేశారట. ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆరా తీస్తే ఆమె ఆధార్ నంబరు ఇంకెవరిదో మీటరుకి అంటుకుని ఉంది. మన కోశాధికారి ఆమె బిల్లులన్నీ జిరాక్స్ తీయించి గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించారు. అక్కడి డిజిటల్ అసిస్టెంట్ కుర్రాడు సాయంత్రం ఆరు దాకా కూర్చుని ఎక్కించాడు, అతనికి ఈ నివేదికలో థాంక్స్ చెప్పకపోతే తప్పు. అర్జీ ఒప్పుకున్నారు. డబ్బు ఆలస్యంగానే అయినా వచ్చింది.

మధ్యాహ్న భోజనం గురించి రెండు మాటలు. డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తోంది, సన్నబియ్యం వచ్చాక అన్నం పారబోయడం బాగా తగ్గిందని వంట చేసే అక్కలే చెప్పారు. ఆ అక్కలకి నెలకి వచ్చేది 3,000. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లాడికి పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నిటికీ కలిపి కేంద్రం 2025 మేలో పెంచిన రేటు పూటకి 10 రూపాయల 17 పైసలు. గుడ్డు ఖర్చు విడిగా రాష్ట్రానిది. టమాటా ధర పెరిగిన వారం చారు ఎందుకు పల్చబడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు, అక్కల్ని తిట్టి లాభం లేదు.

కేంద్రం, రాష్ట్రం కలిసి బళ్లకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 గ్రాంటు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే, పదో వంతు శుభ్రతకి తప్పనిసరి. మనం రెండేళ్ల క్రితం ఫొటోలు దిగి మరీ ఇచ్చిన మంచినీళ్ల ప్లాంటు ఆగిపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఫిల్టర్లు మార్చే ఖర్చు ఎవరిదో మనం ఆలోచించలేదు, గ్రాంటులో దానికి డబ్బు మిగల్లేదు. ఎనిమిది నెలలు పిల్లలు ఇంటి నుంచి సీసాలు మోశారు. తప్పు మన సంఘానిదే. అక్టోబరులో ఫిల్టర్లు మార్పించాం, ఇకపై ఆ ఖర్చు మన పద్దులోనే ఉంటుంది.

ఆర్చి కోసం వచ్చిన చందాలు ఖాతాలో అలాగే ఉన్నాయి. ఇచ్చినవాళ్లు వెనక్కి అడిగితే ఇచ్చేస్తాం. ఈ తిరుగుళ్లకి, ఫిల్టర్లకి వాడుకోమంటే ఒక మాట రాసివ్వండి. జమాఖర్చుల కాగితం విడిగా పంచుతున్నాం, ఆటో చార్జీలతో సహా అన్నీ అందులో ఉన్నాయి.

వచ్చే జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల ఆధార్, బడి రికార్డు, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాం. బైకు ఉండి, వారంలో ఒక పూట ఖాళీ ఉన్న సభ్యులు కార్యదర్శికి పేరు ఇవ్వండి. తెల్లారి ఏడింటికే టోకెన్ కోసం లైన్లో నిలబడగలిగిన వాళ్లయితే మరీ మంచిది.

కార్యదర్శి