ట్రైలర్ కట్టే ముందు కాటా వేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సొంత కారు వెనక ట్రైలర్ తగిలించుకుని వెళ్లేవాళ్లను చూస్తే ఈమధ్య నాకు గుండె దడగా ఉంటోంది. కారు వెనక భాగం నేలకు కుంగిపోయి ఉంటుంది, ముందు లైట్ల వెలుగు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతుంటుంది. అలా కుంగితే ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేకులు సరిగా పట్టవు. అడిగితే అందరిదీ ఒకటే మాట: "బండికి పుల్లింగ్ ఉంది, లాగేస్తుంది."

పోయిన ఏడాది నాకూ ఇదే మాట చెప్పి ట్రైలర్ అద్దెకిచ్చారు. మా అన్నయ్య ఇల్లు మారుతున్నాడు. పరుపులు, బట్టల మూటలు ముందు సర్ది, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ చివర్లో ఎక్కించాం, దింపుకోవడం సులువని. పల్లంలో స్పీడ్ 80 దాటగానే ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. ఒకసారి కుడి అద్దంలో, ఒకసారి ఎడమ అద్దంలో కనపడుతోంది. వెనక సీట్లో వదిన పిల్లలిద్దర్నీ గట్టిగా పట్టుకుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాను. బ్రేకు తొక్కలేదు. తొక్కి ఉంటే కారు అడ్డం తిరిగేదని తర్వాత తెలిసింది. స్పీడ్ తగ్గాక ఊగడం ఆగింది. మర్నాడు అదే లోడుతో ట్రైలర్‌ను వేబ్రిడ్జి మీద పెట్టించాను. 1,080 కిలోలు వచ్చింది. ట్రైలర్‌కు బిగించిన పలక మీద రాసి ఉన్న గరిష్ఠ బరువు 750.

లాగగలగడం వేరు, ఆపగలగడం వేరు. బరువు రెండింతలైతే బ్రేకుల మీద పని రెండింతలవుతుంది, వేగం రెండింతలైతే నాలుగింతలవుతుంది. చిన్న ట్రైలర్లకు చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు. ఆ భారమంతా కారు బ్రేకుల మీదే పడుతుంది. పొడవాటి పల్లంలో అవి వేడెక్కితే పెడల్ తొక్కినా బండి ఆగదు.

ప్రకటనల్లో "3,000 కిలోలు లాగుతుంది" అని వేస్తారు. ఆ ఒక్క అంకె చూసి మోసపోకండి. ఉదాహరణకు ఒక బండి మొత్తం బరువు పరిమితి 2,800 కిలోలు, ఖాళీ బరువు 2,100 అనుకుందాం. అయిదుగురు మనుషులు 350, సామాను 100 పోతే మిగిలేది 250. అందులోనే హుక్కు (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద దిగే బరువు కూడా సరిపోవాలి. ఆ బరువు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని చాలాచోట్ల చెబుతారు (యూరప్ కార్లకు ఇంతకంటే తక్కువే చెబుతారు, మీ బండి మాన్యువల్ చూడండి). 2,000 కిలోల ట్రైలర్‌కు 15 శాతం అంటే 300. అప్పుడే పరిమితి దాటిపోయింది! బండి, ట్రైలర్ కలిపిన పరిమితి ఇంకొకటి ఉంటుంది. అది 4,600 అయితే, 2,550 కిలోల బండి వెనక 2,050కి మించి కట్టకూడదు. ఇక హుక్కు, దాని మీద ట్రైలర్ కూర్చునే గుండు (బాల్), టైర్లు, వీటిలో దేని పరిమితి తక్కువైతే అదే లెక్క.

మా ట్రైలర్ ఊగింది ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బరువంతా ఇరుసు వెనక పెట్టడంతో హుక్కు మీద బరువు పడలేదు. లోడు ఎక్కువ, సర్దడం తప్పు, రెండూ కలిశాయి. బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కొంచెం ముందుకు పెట్టాలి. కొందరు కారు కుంగకుండా వెనక అదనపు కమాన్లు వేయిస్తున్నారు. దానితో బండి చూడ్డానికి సమంగా కనిపిస్తుంది గానీ పలక మీది పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. మెకానిక్‌లు ఇది చెప్పాలి, చెప్పడం లేదు.

అధికారులను కోరేది రెండు విషయాలు. హైవే పక్కన లారీల కోసం ఉన్న కాటాల మీద కార్లనూ తూకం వేయనివ్వాలి. ముందు కారును విడిగా, తర్వాత ట్రైలర్ తగిలించి తూచుకుంటే లెక్క అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. అద్దెకిచ్చేవాళ్లు ట్రైలర్ ఖాళీ బరువు, గరిష్ఠ బరువు పక్కల మీద పెద్ద అక్షరాలతో రాయించేలా, కస్టమర్ బండి పలక చూడకుండా ట్రైలర్ ఇవ్వకుండా నిబంధన పెట్టాలి.

నేను తీసుకున్న ట్రైలర్‌కు పలక ఉంది. గ్రీజు, మట్టి గుడ్డతో తుడిచాకే 750 అన్న అంకె కనపడింది. అప్పటికి పిల్లలను ఎక్కించుకుని ఆ పల్లం దిగి వచ్చేశాం.

ఇట్లు,
ఒక పాఠకుడు