ముందే వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు

ఘోరం జరిగాక పరుగెత్తుకొచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ ఉండదు. ఊరేగింపు తీస్తారు, నిందితుణ్ణి నడివీధిలో శిక్షించమంటారు, వారం తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. నేను కృతజ్ఞతలు చెప్పాలనుకుంటున్నది ఏమీ జరగకముందే వచ్చినవాళ్లకు. లైంగిక హింసను ముందుగానే అరికట్టే పనిలో పేరు రాదు. ఆ పని ఫలిస్తే చూపించడానికి ఏమీ మిగలదు మరి! ఫలానా సాయంత్రం ఫలానా పిల్ల క్షేమంగా ఇల్లు చేరిందని ఎవరూ వార్త రాయరు. అది తెలిసీ మీరు మా పిల్లల బడికీ మా వీధులకూ మీ సాయంత్రాలు ఇచ్చారు. పేర్లు రాయడం లేదు. వద్దని కొందరు గట్టిగా చెప్పారు. మిగిలినవాళ్ల పేర్లు రాస్తే ఆ కొందరెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఎవరి గురించి రాశానో వాళ్లకు అర్థమైతే చాలు.

పరిశోధన పత్రాలు చదివి, మాకు అర్థమయ్యే మాటల్లో విప్పి చెప్పిన అక్కకు ముందుగా. "ఒక సభ పెట్టి ఎవరైనా పెద్దమనిషితో మాట్లాడిద్దాం" అన్న మాట మా మధ్య వచ్చినప్పుడు ఆమె కాదనలేదు. "మాట్లాడించండి, కానీ దానివల్ల ఏం తగ్గుతుందో ముందు చూద్దాం" అంటూ ఒక వ్యాసం తెరిచింది. 2014లో సారా డిగ్యూ అనే అమెరికా పరిశోధకురాలు తన బృందంతో కలిసి, లైంగిక హింస నివారణ కార్యక్రమాల మీద వచ్చిన 140 మూల్యాంకనాలను జల్లెడ పట్టింది. హింసకు పాల్పడే ప్రవర్తన నిజంగా తగ్గిందని గట్టి పద్ధతిలో తేలినవి మూడంటే మూడు. రెండు బడి పిల్లలతో నడిపినవి, మూడోది 1994లో అమెరికా తెచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం కింద ఇచ్చిన నిధులు. ఒక్క పూటలో ముగించే ప్రసంగాల తరహావి అందులో ఒక్కటీ లేవు. వాటివల్ల వినేవాళ్లకు కొంత తెలివిడి వస్తుంది, కొన్నాళ్లకు అదీ పలచబడుతుంది. మైకూ వేదికా హడావుడి మాకు ఆ రోజుతో తప్పింది.

ఆ మూడింట్లో ఒకటి షిఫ్టింగ్ బౌండరీస్. న్యూయార్క్‌లోని 30 బడుల్లో 6, 7 తరగతుల పిల్లలతో నడిపారు. కొన్ని బడుల్లో తరగతి పాఠాలు, కొన్నింట్లో భవనంలో మార్పులు, కొన్నింట్లో రెండూ, ఇంకొన్నింట్లో ఏదీ లేదు. ఒట్టి పాఠాలతో ఫలితం రాలేదు. పిల్లలు బెదిరే మూలల్ని వాళ్లచేతే గుర్తింపజేసి, అక్కడ పెద్దల కాపలా పెంచిన బడుల్లో వేధింపులు తగ్గాయి. ఇది విన్న మన డ్రాయింగ్ మాస్టారు మర్నాడే బడి నమూనా గీసుకొచ్చారు. మాస్టారూ, మీరు ఆ నమూనా గీయకపోతే మేం ఇప్పటికీ గేటు దగ్గరే కాపలా కాస్తుండేవాళ్లం.

ఆ నమూనా మీద పిల్లలచేత చుక్కలు అంటింపజేసిన రోజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అంతస్తుకు ఒక పెద్ద కాగితం, పక్కన రెండు రంగుల చుక్కల స్టిక్కర్లు. నిశ్చింతగా ఉండే చోట పచ్చ చుక్క, బెదురుగా ఉండే చోట ఎర్ర చుక్క. పేరు రాయక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి అంటించి రావాలి. ఉపాధ్యాయులకూ అవే కాగితాలు విడిగా ఇచ్చారు. సాయంత్రం రెండూ పక్కపక్కన పరిచి చూశాం. ఉపాధ్యాయుల ఎర్ర చుక్కలన్నీ గేటు బయటా, ప్రహరీ వెనకా ఉన్నాయి. పిల్లల కాగితంలో గేటు చుట్టూ అంతా పచ్చగా ఉంది. రెండో అంతస్తు నుంచి మేడ మీదికి వెళ్లే మెట్ల మలుపు మాత్రం ఎర్రగా కందిపోయింది. చోటు చాలక చుక్క మీద చుక్క అంటించారు. పెద్దవాళ్లందరూ రోజూ ఎక్కి దిగే మెట్లే అవి. అక్కడికక్కడే పిల్లల్ని పిలిచి ఎవరు, ఏమిటి అని ఆరా తీద్దామన్నారు కొందరు. "పేరు అడగబోమని మాట ఇచ్చి అంటింపజేశాం. ముందు అక్కడ కుర్చీ వేయండి" అన్నారు మాస్టారు. విరామంలో గేటు దగ్గర ఉండే డ్యూటీ టీచర్ కుర్చీ మర్నాటి నుంచి మెట్ల మలుపులో ఉంది. చెప్పుకోవాలనుకున్న పిల్లలకు వేరే దారి అప్పటికే సిద్ధంగా ఉంది. దాని గురించి కింద రాస్తాను.

రాత్రి నడకకు వచ్చిన ఆడవాళ్లందరికీ కృతజ్ఞతలు. కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ 1989లో ఈ పద్ధతికి ఒక మార్గదర్శిని తయారు చేసింది. ఆడవాళ్లే చీకటి పడ్డాక వీధుల్లో నడిచి, ఎక్కడ చూపు ఆనదు, అరిస్తే వినబడే దూరంలో ఎవరున్నారు, తప్పించుకోవడానికి దారి ఏది అని రాసుకుంటారు. ప్రహరీ పక్క దారిలో దీపం లేదని మనం రాసుకున్నాం. తీరా చూస్తే దీపం ఉంది, వెలుగుతోంది కూడా, కాకపోతే కొమ్మల్లో కూరుకుపోయింది. నిచ్చెన తెచ్చి కొమ్మలు కొట్టించిన తమ్ముడికి మరీ మరీ కృతజ్ఞతలు. అయితే నాలుగు దీపాలు పెట్టిస్తే పని అయిపోయిందనుకునేవాళ్లంటే నాకు కాస్త విసుగు. లైంగిక హింసకు పాల్పడేవాళ్లలో ఎక్కువమంది బాధితులకు తెలిసినవాళ్లే. వీధి దీపం వెలుగు ఇంటి గదిలోకి రాదు.

నాటకాలు వేసే బాబాయికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. మొదటి రోజు ఆయన ఒక పాత ప్రయోగం గురించి చెప్పారు. 1968లో డార్లీ, లతానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, వేర్వేరు గదుల్లో కూర్చున్నవాళ్లకు ఇంటర్‌కమ్‌లో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కణ్ణే అనుకున్నవాళ్లలో 85 శాతం ఆ మూర్ఛ ముగిసేలోపే సాయం కోసం కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నప్పుడు కదిలింది 31 శాతమే. "మనసు లేక కాదు, ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ధీమా" అన్నారు బాబాయి. ఆ ధీమా వదలాలంటే ఏం చేయాలో ముందే చేసి చూసుకుని ఉండాలి. రైట్ టు బీ అనే సంస్థ చెప్పే అయిదు దారులనూ ఆయన మాచేత ఆడించారు: దృష్టి మళ్లించడం, ఇంకొకరి సాయం తీసుకోవడం, జరిగినదాన్ని నమోదు చేయడం, ఆ తర్వాత బాధితురాలిని పలకరించడం, నేరుగా అడ్డు చెప్పడం.

నాలుగు కుర్చీలు వరసగా వేసి అది బస్సు ఆగేచోటు అన్నారు. ఒక అమ్మాయి కూర్చుంది. ఒక అబ్బాయి ఆమె మీదికి వంగి ఏదో అంటున్నాడు. ముందుగా ఇద్దరు కుర్రాళ్లు చొక్కా చేతులు మడుచుకుంటూ దూసుకెళ్లి అతని భుజం పట్టుకున్నారు. బాబాయి ఆట ఆపారు. "ఇప్పుడు తగవు మీ ముగ్గురిదీ అయింది. ఆ పిల్ల ఎలా ఉందో ఒక్కరైనా చూశారా?" ఆ అమ్మాయి కుర్చీ అంచుకు జరిగి, సంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని ఉంది. నటన అని అందరికీ తెలుసు, అయినా ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడు బడి శుభ్రం చేసే ఆమె వెనక వరస నుంచి లేచి వచ్చింది. నేరుగా వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, "ఏమ్మా, ఈ బస్సు ఆసుపత్రి మీదుగా పోతుందా? నువ్వెక్కడ దిగుతావు?" అని అడిగింది. ఆ అబ్బాయి వైపు చూడనైనా లేదు. అతను ఏం మాట్లాడాలో తోచక నిలబడిపోయాడు. అమ్మా, ఆ పూట మాకు పాఠం చెప్పింది మీరే.

కుర్రాళ్లను తీసుకొచ్చి, మళ్లీ మళ్లీ తీసుకొచ్చిన కోచ్‌కు కృతజ్ఞతలు. "మమ్మల్నందరినీ దొంగల్లా చూస్తున్నారా?" అని ఒకడు మొదట్లోనే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. "దొంగలనుకుంటే తలుపు వేసుకునేవాళ్లం, పిలిచేవాళ్లం కాదు" అన్నారాయన. తర్వాత తన జట్టుకు ఒక నియమం పెట్టారు. ఎవరిదైనా అమ్మాయి ఫొటో ఫోన్లలో తిరుగుతూ నవ్వులు మొదలైతే, ముందుగా నోరు విప్పాల్సింది కెప్టెన్. బయటివాళ్లు వచ్చి చెప్పే నీతి కన్నా ఆ మాట ఎక్కువ పనిచేస్తుందని ఆయన నమ్మకం. నాకూ అలాగే అనిపిస్తుంది. ఉగాండా రాజధాని కంపాలాలో రైజింగ్ వాయిసెస్ సంస్థ రూపొందించిన సాసా కార్యక్రమం నడిచింది కూడా ఆ దారిలోనే. అక్కడి మామూలు మనుషులే, ఆడా మగా కలిసి, ఇరుగుపొరుగుతో మాట్లాడుతూ నాలుగు దశల్లో నడిపారు. 2007 నుంచి 2012 దాకా 8 సముదాయాల్లో పరిశీలిస్తే, అది నడిచిన చోట గడచిన ఏడాదిలో భాగస్వామి చేతిలో శారీరక హింసకు గురైన మహిళల శాతం, నడవని చోటుతో పోలిస్తే 52 శాతం తక్కువగా తేలింది. అన్నేళ్ల పని అని విన్నాక కోచ్ నీరసపడలేదు. వచ్చే సీజను తేదీలు కూడా అక్కడే రాసిచ్చారు.

ఇక కౌన్సెలర్ మేడం. అందరికన్నా ఎక్కువగా సతాయించింది మీరే, ఎక్కువ రుణపడింది కూడా మీకే. "ఈ విషయం మాట్లాడటం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు తమకు జరిగింది చెబుతారు. ఆ పిల్ల వస్తే కూర్చోబెట్టే గది చూపించండి, అప్పుడు నేను మొదలుపెడతాను" అన్నారు. ఫోన్ చేయాల్సిన నంబర్లు, వైద్యం కోసం వెళ్లాల్సిన చోటు, పోలీసు ఫిర్యాదు చేయాలనుకుంటే తోడు వెళ్లేవాళ్లు, ఆ గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ కాగితం మీద పడేదాకా కార్యక్రమం తేదీ ఖరారు చేయనివ్వలేదు. ఆ తర్వాత వినడం నేర్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కార్యకర్తలకు చెప్పే క్రమమే అది: వినడం, ఏం కావాలో అడగడం, నమ్ముతున్నామని చెప్పడం, భద్రత చూడటం, తోడ్పాటు అందించడం. "ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు" అన్న ప్రశ్నలను మా నోటి నుంచి తీయించేశారు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర కేంద్రానికి వచ్చిన 298 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. వాళ్లలో 70 శాతం మంది ఆ సమయంలో శరీరం కదలనివ్వని స్థితిలోకి వెళ్లారు. ఎందుకు అరవలేదని అడిగేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసినా చాలు. ఇంకొకటి కూడా మీరు గట్టిగా చెప్పారు. పిల్లలకు "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేం. "నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అనాలి. చూడటానికి రెండు మాటలే తేడా, పిల్లకు మాత్రం మోసపోవడానికీ మోసపోకపోవడానికీ మధ్య తేడా.

పోస్టర్లు చదివి దిద్దిన ఇద్దరికి. మీకు జరిగినదాన్ని వేదిక మీద చెప్పమని అడగవద్దని ముందే షరతు పెట్టారు, అడిగినవాళ్లూ లేరు. మీ అనుభవమంతా మా వాక్యాల మీద పెట్టారు. "అమ్మాయిలూ, జాగ్రత్తగా ఉండండి" అన్న దాన్ని అడ్డంగా కొట్టేసి, "ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా ఇబ్బంది పెడితే ఈ గదిలో ఫలానా వారికి చెప్పండి" అని రాసి, ఫలానా వారు దగ్గర మేం నిజమైన పేరు నింపేదాకా వదల్లేదు.

చివరగా, మొదటి రోజు నుంచి మమ్మల్ని నిలదీస్తూనే ఉన్న పెద్దమ్మకు. మీరు మూడు ప్రశ్నలు వేశారు. ఆడపిల్లలు తమను కాపాడుకోవడం నేర్చుకోనక్కర్లేదా అన్నది మొదటిది. నేర్చుకోవాలి, మీరే గెలిచారు. 2015లో షార్లీన్ సెన్ బృందం కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో 12 గంటల శిక్షణ ఇచ్చి చూస్తే, ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం, పొందనివాళ్లలో 9.8 శాతం ఉన్నారు. ఆ శిక్షణ ఇవ్వగలవాళ్లను వెతుకుతున్నాం. వేధించిన కుర్రాణ్ణి వెలివేసి వదిలేస్తే వాడు ఇంకో వీధికి పోడా అన్నది రెండోది. కోచ్, కౌన్సెలర్ మేడం కలిసి దాని గురించి ఆలోచిస్తున్నారు. మూడోది అడిగేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు: చేసినవాడు ఆ ఇంటికి అన్నం పెట్టేవాడే అయితే, తల్లికి కూడా చెప్పలేని పిల్లకు మీ కాగితంలో ఏ వరస ఉంది? ఇప్పటికి లేదు పెద్దమ్మా. వచ్చే సమావేశంలో మొదటి అంశంగా అదే రాశాం, మీరు తప్పకుండా రావాలి.